పేరు చూసి భయపడవద్దు
(వెంకటమ్మనహళ్లి విద్యార్థివేతనాల సభలో చేసిన ప్రసంగం)



అమెరికాలో సైకాలజీ చదవబోతున్న మన అమ్మాయి ఒకతె, ఉపవిషయంగా 'మానవ లైంగికత' అని దరఖాస్తులో రాసింది. చూడగానే నా పెన్ను ఆగింది. సిలబస్ తెప్పించి చదివాను. శరీరధర్మం, మనస్తత్వం, ఆరోగ్యం, చట్టం, ఇవే ఉన్నాయి.

మా తరానికి ఇవి చెప్పేవారు లేరు. స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం గారి జవాబులు దాచుకుని చదివాం. 2007లో కర్ణాటక ప్రభుత్వం బడుల్లో లైంగిక విద్య వద్దన్నది. 2012లో పిల్లల రక్షణకు పోక్సో చట్టం వచ్చింది. జరిగింది చెప్పడానికి బిడ్డకు మాటలే రాకపోతే చట్టమేం చేస్తుంది? ఆ మాటలు నేర్పే టీచర్లు, కౌన్సిలర్లు ఎక్కడో ఒకచోట చదువుకోవాలి కదా!

ఖాతా పేరు కాదు, పద్దులు చూడాలని బ్యాంకులో నేర్చుకున్నాను. ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టాను. మీరూ కాదనే ముందు, ఏం చదువుతారో పిల్లలను అడగండి.