ఉదాత్తము పలికిన సాక్ష్యము



ఎన్నడును వ్రాయబడని భాషను, పలుకువారు మిగులని భాషను తిరిగి తెలిసికొనుట సాధ్యమా? 1786లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీలో ప్రసంగించుచు సర్ విలియం జోన్సు, సంస్కృత గ్రీకు లాటిను భాషలు ఒకే మూలమునుండి పుట్టియుండవలెననియు, ఆ మూలము బహుశః ఇప్పుడు లేదనియు చెప్పెను. దానికే నేడు మూల ఇండో-యూరోపియను భాష యని పేరు. దాని స్వరూపమును తరువాతి పండితులు సాక్ష్యములనుబట్టి క్రమముగా నిర్ణయించుచు వచ్చిరి.

శబ్దమంజరి చదివినవారికి రామః, రామమ్ అను రూపములు పరిచితములే. తోడేలు సంస్కృతమున వృకః. విసర్గకు పూర్వరూపము సకారము గనుక అది వృకస్. గ్రీకున లుకోస్, లిథువేనియనున విల్కస్. ప్రథమావిభక్తి ప్రత్యయము మూడింటను సకారమే. ద్వితీయలో సంస్కృతము వృకమ్ అనగా, గ్రీకు లుకోన్ అనును. వీనిలో ప్రాచీనమేది? లాటినునను ఇచ్చట మకారమే కలదు. గ్రీకున పదాంత మకారము నిలువదు, నకారముగా మారును. కావున మూలభాషలో మకారమే యుండెనని తేల్చిరి. ఇట్లు సాధించిన రూపమునకు ముందు నక్షత్రపు గుర్తునుంచుట ఆచారము. అది వ్రాతలో కనబడినది కాదని ఆ గుర్తునకు అర్థము.

ధ్వనులు ఒక క్రమమున మారుననునదే ఈ నిర్ణయములకు ఆధారము. సంస్కృత లాటినులలో ప, త, క లున్న చోట జర్మానిక్ భాషలలో ఫ, థ, హ లుండునని 1822లో యాకోబ్ గ్రిమ్ చూపెను. మన పాదము ఇంగ్లీషున ఫుట్ అగుట ఇందుకు నిదర్శనము.

అయినను ఒక చిక్కు మిగిలెను. 4వ శతాబ్దపు బైబిలు అనువాదమున నిలిచిన గోథిక్ భాషలో, భ్రాతా అను పదమునకు సరియైనది బ్రోథర్. నియమము కుదిరినది. పితా అను పదమునకు ఫథర్ కావలసియుండగా ఫదర్ అని కలదు. సంస్కృతమున రెంటను తకారమే. గోథిక్కున రెండు ధ్వనులేల? చాలకాలము దీనిని అపవాదమని విడిచిరి.

డెన్మార్కు పండితుడు కార్ల్ వెర్నరు అట్లు విడువక, 1875లో కారణము కనుగొని 1877లో ప్రకటించెను. వేదమున భ్రాతా యందు మొదటి అచ్చు ఉదాత్తము. పితా యందు చివరి అచ్చు ఉదాత్తము. హల్లునకు ముందున్న అచ్చు ఉదాత్తమైనచోట థకారము నిలిచెను, కానిచోట దకారమయ్యెను. జర్మానిక్ భాషలలో ఆ పూర్వస్వరము మాసిపోయినను, దాని ముద్ర హల్లుపై మిగిలినది. అపవాదమే కొత్త నియమమునకు దారి చూపెను.

లౌకిక సంస్కృతమునను ఆ స్వరము నిలువలేదు. పదపాఠము, క్రమపాఠము, ఘనపాఠము అని పలు తెరగుల వల్లించి వేదాధ్యాయులే దానిని కాపాడిరి. కోనసీమలో కృష్ణయజుర్వేదమును సస్వరముగా వల్లించు సంప్రదాయమును ఆ కోవలోనిదే. గురువు నోట విన్నదానిని మార్పక శిష్యుడు పలికినందున, దూరదేశపు హల్లు చరిత్రకు ఇచ్చట సాక్ష్యము దొరకెను.

తెలుగు ఈ కుటుంబములోనిది కాదు. అది తమిళ కన్నడములకు సోదరభాష యని 1816లో ఎల్లిస్ దొర నిరూపించెను. అయినను పద్ధతి ఒక్కటే. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లో తెలుగు ధాతువులను ఈ తులనాత్మక మార్గముననే పరిశీలించెను. ఆయన సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశమునకు వ్యవసాయ పదములు రైతుల నోటనుండియే సేకరింపబడినవి.

నాగలి భాగములకు, నేలల రకములకు పల్లెలో పెద్దలు వాడు మాటలు నిఘంటువులలో లేకపోవచ్చును. వారి ఉచ్చారణ బడిపిల్లలకు నవ్వు పుట్టింపవచ్చును. కాని ఆ నవ్వునకు జడిసి ఒక పలుకు మరుగైనచో, దానితో ఒక సాక్షియు మరుగగును. అట్టి మాటలను దిద్దక, విన్నవి విన్నట్లు వ్రాసి యుంచు గ్రంథాలయము రాబోవు పండితులకు ఆధారము నిలిపినదగును.