ఇంటిపన్ను రసీదు - అద్దె పత్రము

(సారములో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు అన్నారు. ఇల్లు అద్దెకిచ్చి చూడుమని మూడవ మాట మాత్రము వారు చేర్చలేదు. ఈ సభలో నున్న మనలో చాలమంది ఇచ్చట ఒకరి ఇంట అద్దెకుండి, స్వస్థలమున మన ఇంటిని మరొకరికి అద్దెకిచ్చినవారమే. ఒకే మనిషి నెల మొదటి వారమున ఒకచోట అద్దె చెల్లించుచు, వేరొకచోటి అద్దెకై ఎదురుచూచుచున్నాడు. కావున నేను చెప్పబోవునది ఏ ఒక్క పక్షమునకో చెందిన విషయము కాదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నేను కాపురమున్న ఇంటి క్రింది భాగమున ఒక పచారీ కొట్టు ఉండెడిది. ఇంటి యజమానురాలు వయసు మళ్ళిన వితంతువు. ఆ అద్దెయే ఆమెకు ఆధారము. ఒకనాడు ఇంటిపన్ను బకాయి నోటీసు వచ్చెను. "కొట్టు నీది, పన్ను నీవే కట్టవలెను" అని ఆమె అన్నది. "ఇల్లు మీది, పన్ను మీదే" అని అతడన్నాడు. పత్రము తీసి చూచితిమి. అద్దె ఎంతయో, అడ్వాన్సు ఎంతయో అందున్నది. పన్ను ఊసు లేదు. అతడు కోపించి అద్దె ఆపివేసెను. ఆమె వకీలు చేత నోటీసు ఇప్పించెను. తుదకు అతడు కొట్టు ఎత్తివేసి పోయెను. ఆ గది ఏడాదిపాటు తాళముతో నుండెను. ఇద్దరును మంచివారే. ఒక్క వాక్యము వ్రాసికొననందున ఇద్దరును నష్టపోయిరి.

ఇట్టి తగవును చట్టము ఎట్లు తీర్చునో తెలియవలెనన్నచో, ఈ ప్రాంతపు చట్టముల వరుస కొంత తెలియవలెను. 1954 నవంబరు 1వ తేదీన ఇక్కడి పరిపాలన ఫ్రెంచివారి నుండి భారత ప్రభుత్వమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియయ్యెను. భారత శాసనములు 1963లోను, 1968లోను అంచెలంచెలుగా విస్తరింపబడినవి. 1969లో భవనముల కౌలు, అద్దె నియంత్రణ చట్టమును, 1973లో పురపాలక చట్టమును చేసిరి. సారము ఉళవర్కరై పురపాలక సంఘములోనిది. మన యానామునకు వేరొక పురపాలక సంఘము కలదు. నడుమ వందల కిలోమీటర్ల దూరమున్నను రెంటికిని ఆ 1973 నాటి చట్టమే మూలము.

ఇక నేను మనవి చేయదలచిన మాటలు మూడు.

మొదటిది పత్రము. మనవారు పదకొండు నెలలకే పత్రము వ్రాయుటకు కారణము కలదు. ఏడాదికి మించిన కౌలు పత్రమును విధిగా రిజిస్టరు చేయవలెను. చేయనిచో అందలి షరతులను న్యాయస్థానము సాక్ష్యముగా స్వీకరింపదు. ఒడంబడిక లేనప్పుడు ఇల్లుగాని దుకాణముగాని నెలవారీ కౌలుగా ఎంచబడును. దానికి పదునైదు దినముల నోటీసు చాలును. వస్తువుల తయారీకి ఇచ్చిన స్థలమునకు ఆరు నెలల నోటీసు కావలెను. అయితే అద్దె నియంత్రణ చట్టము వర్తించుచోట నోటీసు ఇచ్చినంత మాత్రమున ఖాళీ చేయించు అధికారము రాదు. చట్టమున చెప్పిన కారణమును అధికారి యెదుట రుజువు పరుపవలెను.

రెండవది పన్ను. పన్ను నిర్ణయమున ఆ కట్టడము నివాసమా, వ్యాపారమా అన్నది ముఖ్యము. వీధిగదిని దుకాణమునకిచ్చి, లెక్కలలో నివాసముగానే యుంచినచో, ఏదో ఒకనాడు వ్యత్యాసమంతయు బకాయిగా మీదపడును. మరొక సంగతి. ఆదాయపు పన్ను లెక్కలో అద్దె నుండి మినహాయించుకొనదగినది యజమాని తాను ఆ సంవత్సరము నిజముగా చెల్లించిన పురపాలక పన్ను మాత్రమే. అది తీసివేయగా మిగిలిన దానిలో మరమ్మతులు మున్నగువానికై నూటికి 30 వంతులు మినహాయింపు కలదు. పన్నును అద్దెదారుచేత కట్టించిన యజమాని ఆ మొదటి మినహాయింపును పోగొట్టుకొనును. వ్యాపారస్థలపు అద్దెపై జి.ఎస్.టి. నూటికి 18 వంతులు. 2024 అక్టోబరు 10 నుండి, యజమాని రిజిస్టరు కాకపోయినను, సాధారణ పద్ధతిలో రిజిస్టరైన వ్యాపారి అద్దెకున్నచో ఆ పన్ను భారము వ్యాపారిపై పడుచున్నది. పత్రము వ్రాయునప్పుడే దీనిని మాటలాడుకొనవలెను.

పన్ను రసీదు మన పేర నున్నంత మాత్రమున ఇల్లు మనదని రుజువు కాదనియు మరువరాదు. అన్నదమ్ముల ఉమ్మడి ఇండ్ల విషయమున ఈ భ్రమ అనేక కుటుంబములను విడదీసినది. హక్కును తేల్చునది దస్తావేజు, వారసత్వము. రసీదు తేల్చునది పన్ను ముట్టినదని మాత్రమే.

మూడవది, అన్నిటికన్న ముఖ్యమైనది: తగవు వచ్చినప్పుడు అద్దె ఆపరాదు. ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షనులో ఒక చక్కని ఏర్పాటు కలదు. యజమాని చెల్లించవలసిన సొమ్ము చెల్లింపక, అది అద్దెదారు నుండిగాని ఆస్తిపైగాని వసూలు కాదగినదైనచో, అద్దెదారు తానే చెల్లించి, వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకొనవచ్చును. ఒడంబడిక అందుకు విరుద్ధముగా నుండరాదు, అంతే. మా కొట్టువాడు ఈ సంగతి యెరిగి, పన్ను కట్టి, రసీదు దాచుకొని, మిగిలిన అద్దె ఆమెకు పంపియున్నచో తగవు అక్కడనే ఆగిపోయెడిది. అద్దె ఆపుటతో న్యాయమున్న మనిషి ఎగవేతదారుడయ్యెను. బుద్ధిపూర్వకమైన ఎగవేతకును, చేతకాని ఆలస్యమునకును భేదము కలదని 1985లో సుప్రీంకోర్టు తమిళనాడు వ్యాజ్యములలో వివరించినది. అతడు చేసినది ఆలస్యము కాదు గదా!

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వేరుగా ఒక మాట. 1964 నాటి ప్రవర్తన నియమావళిలో 18వ నియమము స్థిరాస్తిని కొనుట, అమ్ముటయే గాక, కౌలు, తాకట్టు, దానములను గూడ పేర్కొనుచున్నది. మన పేరనైనను, కుటుంబసభ్యుల పేరనైనను ముందుగా శాఖాధికారులకు తెలియపరచుట మన ధర్మము. ఇంటి పనులలో మునిగి దీనిని మరచినవారిని నేనెరుగుదును.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ అద్దె పత్రమును ఒకమారు తీసి చదువుడు. ఇంటిపన్ను ఎవరు చెల్లింతురు, ఎప్పటిలోగా, రసీదు ఎవరి వద్ద నుండును అన్న వాక్యము అందులో లేనిచో, స్నేహముగా నున్న ఈ రోజులలోనే దానిని వ్రాయించుకొనుడు. మనసులు విరిగిన తరువాత ఆ వాక్యము వ్రాయుటకు ఏ కలమును కదలదు.