కీలెరిగి వాత పెట్టాలి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం బడి పంతుల్ని. తెలుగులో తడబడితే మన్నించాలి. మేము 'జోడ్' అనేదాన్నే తెలుగులో కీలు అంటారు. రెండు ఎముకలు కలిసే చోటు అది.

కీళ్ళన్నీ ఒక్క తీరుగా ఉండవు. పుర్రె డొప్పలోని ఎముకలు కుట్టు వేసినట్టు అతుక్కొని ఉంటాయి, కదలవు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్ళలుంటాయి, అవి కొద్దిగా కదులుతాయి. మూడో రకం బాగా కదిలేవి. భుజం, తుంటి గిన్నెలో బంతిలాగా అన్ని వైపులా తిరుగుతాయి. మోచెయ్యి తలుపు బందులాగా మడుచుకుంటుంది. మెడలో మొదటి పూస రెండోదాని మొన చుట్టూ తిరుగుతుంది కనుకనే 'కాదు' అని తల తిప్పగలం. మణికట్టులో చిన్న ఎముకలు ఒకదానిపై ఒకటి జారుతాయి.

కదిలే కీలు లోపల ఎముకల చివర నున్నని మృదులాస్థి ఉంటుంది. చుట్టూ ఒక సంచి. దాని లోపలి పొర జిగట ద్రవాన్ని ఊరిస్తుంది. సైకిలు ఇరుసుకు నూనె ఎట్లాగో కీలుకు అది అట్లా. గట్టి నారల్లాంటి బంధనాలు ఎముకలను పట్టి ఉంచుతాయి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మా ఏడో తరగతి పిల్లవాడొకడు గోడ మీంచి పడ్డాడు. కుడి మోచెయ్యి వాచింది. తండ్రి ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసే డ్యూటీలో ఉన్నాడు. తల్లి నన్ను అడిగింది. కట్టు కట్టే ఒకాయన దగ్గరికి తీసుకుపొమ్మన్నాను. ఆయన లాగి, నూనె రాసి, రోజూ మర్దన చేశాడు. నెలన్నరకు చెయ్యి వంగడం మానేసింది. దెబ్బ తగిలిన మోచేతిని మర్దిస్తే కండలో ఎముక పుట్టి కీలు బిగుసుకుపోవచ్చునని తర్వాత డాక్టరు చెప్పారు. ఇప్పుడు ఆ పిల్లవాడు తల వంచుకొని ఎడమ చేత్తో అన్నం తింటున్నాడు. కీళ్ళ పాఠం చెప్పే నేనే ఆ సలహా ఇచ్చాను.

అందుకే మీ అందరికీ మనవి. కీలుకు దెబ్బ తగిలితే లాగకండి, మర్దించకండి. చెయ్యి ఉన్నది ఉన్నట్టే దుపట్టాతో మెడకు వేలాడగట్టి ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి తీసుకుపోండి. వేళ్ళు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా ఒక్క గడియ కూడా ఆగవద్దు. మనకు నగరం దూరం కాదు. పంజగుట్టలోని నిమ్స్ నిజాం పేరిట ఎముకల ఆస్పత్రిగానే మొదలైంది.

కీలెరిగి వాత పెట్టాలన్నారు పెద్దలు. కీలెరగని చేతికి బిడ్డను అప్పగించకండి.