సహాధ్యాయుల పునశ్చరణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ వేదికపై నిలిచిన వక్తలు సాధారణముగా పుస్తకముల మహిమను వర్ణింతురు. ఆ పని నాకంటె సమర్థులైనవారు ఇదివరకే చేసియున్నారు. నేను ఒక చిన్న విషయమును మాత్రమే ఎత్తుకొందును. పదవ తరగతి పరీక్షలు సమీపించినప్పుడు మన బాలబాలికలు సాయంకాలమున ఈ గ్రంథాలయపు వసారాలో కూర్చుండి జీవశాస్త్ర పాఠములను ఒకరికొకరు చెప్పుకొనుచుందురు. ఆ సందడివలన లోపల పత్రికలు చదువుకొనుట కష్టమగుచున్నదని కొందరు చందాదారుల అభియోగము. వారి మాటలో న్యాయము లేకపోలేదు. అయినను ఆ సందడి ఎట్టిదో, దానివలన సిద్ధించునది ఏమో విచారించిన పిమ్మటనే తీర్పు చెప్పవలెనని నా ప్రార్థన.

ఒకరికొకరు చెప్పుకొని చదువుట మనకు క్రొత్త గాదు. విద్యలో నాలుగవవంతు తోడి విద్యార్థులవలననే లభించునని మన పూర్వులు లెక్కగట్టిరి. వీధిబడిలో పంతులుగారు ఒక్కరే, బాలురు పలువురు. ముందు నేర్చినవారు వెనుకవారిచేత ఇసుకలో అక్షరములు దిద్దించెడివారు. 1789వ సంవత్సరమున మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర శరణాలయమునకు అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశస్థుడు, ఇసుకలో వ్రాయు ఈ విధానమును మన దేశపు బడిలో చూచి, తన శరణాలయమున ఎనిమిదేండ్ల బాలునిచేత చిన్నపిల్లలకు అక్షరములు నేర్పించెను. ఆ ప్రయోగమునుగూర్చి 1797లో ఆయన ఒక పుస్తకమును లండనులో ప్రకటించెను. పిమ్మట అది ‘మద్రాసు పద్ధతి’ యను పేరుతో ఇంగ్లండునందలి బడులలో వ్యాపించినది. మన అరుగులమీది ఇసుక సముద్రము దాటినదన్నమాట.

అయితే ఆ పద్ధతిలో ఒక లోపము కలదు. పెద్దవాడు చెప్పినదానిని చిన్నవాడు వల్లించుటయే గాని ప్రశ్నించుటకు తావు తక్కువ. మన వసారాలో కూర్చుండువారు సమవయస్కులు. ఒకరు చెప్పినదానిని రెండవవారు నిస్సంకోచముగా “అది ఎట్లు?” అని అడుగగలరు. పంతులుగారిని అడుగుటకు భయపడు పిల్లవాడు ప్రక్కవానిని అడుగుటకు భయపడడు. ఈ మేలు ఎంతటిదో జీవశాస్త్ర పాఠములనుండియే నిదర్శనములు చూపెదను.

విసర్జన పాఠమును తీసికొనుడు. మన రెండు మూత్రపిండములలో దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము వడబోయబడునని శాస్త్రము చెప్పుచున్నది. ఒక బాలిక ఈ వాక్యమును తప్పులేకుండ అప్పజెప్పినది. వినుచున్న స్నేహితురాలు, “ఒంటిలో ఉన్న రక్తమే అయిదు లీటర్లు గదా! నూట ఎనుబది ఎక్కడినుండి వచ్చినవే?” అని అడిగినది. చెప్పుచున్న బాలిక నోటమాట రాక నిలిచిపోయినది. పిమ్మట ఇరువురును పుస్తకము తెరచి, బొమ్మను వ్రేలితో వెంబడించి చూచిరి. వడబోయబడిన ద్రవమంతయు బయటికి పోదనియు, చాలభాగము మరల రక్తములోనికే పీల్చుకొనబడుననియు, ఆ ద్రవమే దినమంతయు పలుమార్లు తిరిగి తిరిగి వడపోతకు వచ్చుననియు, కడపట సుమారు ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా వెలువడుననియు గ్రహించిరి. మొదటి బాలికకు వాక్యము వచ్చును, అర్థము రాలేదు. రెండవ బాలికకు వాక్యము రాదు గాని ప్రశ్న వచ్చినది. ఇరువురును కలిసినప్పుడు పాఠము పూర్తియైనది.

రక్తప్రసరణ పాఠము సంగతియు అట్టిదే. ధమనులలో మంచి రక్తము, సిరలలో చెడు రక్తము ఉండునని కొందరు కంఠస్థము చేయుదురు. గుండెనుండి ఊపిరితిత్తులకు పోవు పుపుస ధమనిలో ప్రాణవాయువు తక్కువగా నున్న రక్తమే పోవును గదా యని తోడివారు అడిగినంతనే ఆ సూత్రము కూలిపోవును. గుండెనుండి బయటికి కొనిపోవునది ధమని, గుండెకు తెచ్చునది సిర అను సరియైన లక్షణము అప్పుడు మనసున నాటుకొనును. రక్తము శరీరమున ప్రదక్షిణముగా తిరుగునని 1628లో విలియం హార్వే ప్రకటించెను. కాని ధమనులనుండి సిరలలోనికి అది ఏ దారిని పోవునో ఆయన కంట పడలేదు. ఆయన 1657లో మరణించెను. 1661లో మార్సెల్లో మాల్పిగీ అను ఇటలీ పండితుడు కప్ప ఊపిరితిత్తిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, వెంట్రుకలకంటె సన్నని రక్తకేశనాళికలను కనుగొనెను. ఒకరు మిగిల్చిన సందును మరియొకరు పూరించుట శాస్త్రమునకు స్వభావము. విద్యార్థులకును అంతే.

ఇక చెప్పుకొనుటవలన జ్ఞాపకమెట్లు నిలుచునో చూతము. పుస్తకమును మరల మరల చదివినచో అంతయు తెలిసినట్లే తోచును. పుస్తకము మూసి చెప్పబోయినప్పుడు గాని తెలియనిది బయటపడదు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికీ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. కొందరు విద్యార్థులు ఒక పాఠమును మరల మరల చదివిరి. మరికొందరు చదివిన పిమ్మట దానిని చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షింపగా మరల చదివినవారే ముందుండిరి. వారము దినముల తరువాత పరీక్షింపగా జ్ఞప్తికి తెచ్చుకొన్నవారు ముందుండిరి. పరీక్ష అయిదు నిమిషములలో రాదు గదా! పుస్తకము మూయించి మనచేత చెప్పించువాడు తోడి విద్యార్థియే. కావున అతడు మన కాలమును హరించుటలేదు, మన జ్ఞాపకమును కాపాడుచున్నాడు.

జీవశాస్త్రమునకు మరియొక సౌలభ్యము కలదు. దాని పాఠములు సగము మన పెరటిలోనే ఉన్నవి. పుష్పభాగములను బొమ్మలో బట్టీపట్టుటకంటె ఒక రేకమందారమును కోసి నలుగురు నడుమ పెట్టుకొనుట మేలు. అయిదు ఆకర్షణపత్రములు, కీలమును చుట్టుకొని గొట్టమువలె ఏకమైన కేసరములు, కొనయందు అయిదు కీలాగ్రములు, అడుగున అండాశయము, అన్నియు కంటికి కనబడును. ముద్దమందారము దీనికి పనికిరాదు, ఏలయన దానిలో కేసరములు చాలవరకు రేకులుగా మారిపోయియుండును. బెండ, ప్రత్తి, గోగు పూవులును మందారపు కుటుంబములోనివే. పొలమునుండి ప్రత్తిపూవును తెచ్చిన రైతుబిడ్డ ఆనాటి పాఠమునకు గురువగును.

అనువంశికత పాఠమునకు అష్టాచెమ్మా చింతపిక్కలు చాలును. ఒక ప్రక్క అరగదీసిన పిక్కకు ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఒక పిక్క తండ్రిమొక్క ఇచ్చిన కారకము, రెండవది తల్లిమొక్క ఇచ్చినది అనుకొనవలెను. నలుపు గుండ్రని గింజకు, తెలుపు ముడుతల గింజకు గుర్తు. గుండ్రనిది బహిర్గత లక్షణము కావున ఒక్క నలుపు పడినను గింజ గుండ్రనిదే. రెండు పిక్కలను నూరుమార్లు వేసి, ఒకరు వేయుచుండగా ఒకరు వ్రాసికొనినచో, ముడుతల గింజ నాలుగింట ఒకవంతుకు దగ్గరగా వచ్చును. 1866లో అచ్చయిన గ్రెగర్ మెండెల్ వ్యాసమున 7,324 బఠాణీ గింజలలో 5,474 గుండ్రనివి, 1,850 ముడుతలవి. ఆయన లెక్కయు మూడింటికి ఒకటిగా ఖండితముగా రాలేదని, దగ్గరగా మాత్రమే వచ్చెనని మన పిల్లలు గమనింతురు. పిక్కల అరుగుదల సమముగా లేనిచో లెక్క మరింత తప్పును. ఎందుకు తప్పెనో వాదించుకొనుటయు పాఠములోని భాగమే.

ఇంతవరకు గుణములే చెప్పితిని. దోషములు చెప్పకుండుట న్యాయము గాదు. గుంపుగా చదువుటలో ప్రమాదములు మూడు. మొదటిది, చురుకైనవాడు ఎప్పుడును చెప్పుచు, తక్కినవారు ఎప్పుడును తలలూపుచుండుట. చెప్పుటవలననే విద్య స్థిరపడునప్పుడు, వెనుకబడినవానికే ఎక్కువసార్లు చెప్పు అవకాశ మీయవలెను. రెండవది, ఒకని తప్పు నలుగురికి అంటుకొనుట. పగటిపూట మొక్కలు శ్వాసింపవని ఒకడు ధైర్యముగా చెప్పినచో అందరును నమ్ముదురు. మొక్కలు రేయింబవళ్ళు శ్వాసించుచునే యుండును. పగలు కిరణజన్య సంయోగక్రియ మిక్కుటముగా జరుగుటవలన ఆ సంగతి బయటికి తెలియదు. కావున పాఠ్యపుస్తకమును నడుమ నుంచుకొని దానినే మధ్యవర్తిగా గైకొనవలెను. తీరని సందేహములను ఒక కాగితముపై వ్రాసి వారమున కొకసారి ఉపాధ్యాయులకు చూపవలెను. మూడవది, చదువు కబుర్లలోనికి జారుట. దీనికి గడియారమే మందు.

ఒక తల్లి నాతో, “మావాడు తనకు వచ్చినదంతయు ఇతరులకు చెప్పినచో వారు వీనిని మించిపోరా, అయ్యా?” అనినది. ఆమె భయము సహజమే. కాని పదవ తరగతి పరీక్షలో ప్రక్కవాడు ఉత్తీర్ణుడైనంతమాత్రమున మనవాడు తప్పడు. దీపమునుండి దీపమును వెలిగించినచో మొదటిదానికి వెలుతురు తగ్గదు. అయితే ఈ సాయము పరీక్షశాల గుమ్మమువరకే. లోపల జవాబు చూపుట సాయము గాదు, అది స్నేహితుని అజ్ఞానమును కప్పిపుచ్చుట.

ఇక ముఖ్యమైన మాట. ఇంటియందు చదువుకొన్నవారున్న పిల్లలకు వసారా లేకున్నను జరుగును. డబ్బున్నవారు ప్రైవేటు చెప్పించుకొందురు. కూలికి పోయి వచ్చిన తల్లిదండ్రులు పాఠము చెప్పలేరు, ఒక్కగది యింటిలో చదువుకొన చోటును ఉండదు. అట్టి పిల్లలకు తోడి విద్యార్థియే ఆధారము, ఈ వసారాయే బడి. పరీక్ష తప్పినచో మగపిల్లవాడు పనిలోనికి, ఆడపిల్ల పెండ్లిపీటలమీదికి పోవుట మన మెరుగనిది గాదు. మరియు పదవ తరగతి తరువాత జీవశాస్త్రమును తీసికొనని వారికందరికిని ఇదియే ఆ శాస్త్రమున కడపటి పాఠము. రేపు బిడ్డకు విరేచనములైనప్పుడు ఉప్పు, పంచదార కలిపిన నీరు ఎందుకు పట్టవలెనో, గర్భిణికి ఇనుపధాతువు మాత్రలు ఎందుకు అవసరమో, పాము కరచినప్పుడు మంత్రగాని కడకు గాక ఆసుపత్రికి ఎందుకు పరుగెత్తవలెనో ఈ పాఠములే చెప్పవలెను. మార్కులకొరకు బట్టీపట్టినది మార్చితో పోవును. చెప్పుకొని తెలిసికొన్నది సంసారములో ఆదుకొనును.

ఒకసారి తప్పినవారు నిరాశ చెందనక్కరలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవ ప్రయత్నమున గాని కృతార్థులు కాలేదు. ఆయనయే తరువాత హార్వర్డునందు సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి పనిచేసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించెను. జీవకణములలో శక్తిని మోయు ఏ.టి.పి. అను పదార్థమును కండరములనుండి వేరుచేసినవారిలో వీరిరువురును ఉన్నారు. నేడు మన పిల్లలు శ్వాసక్రియ పాఠమున ఆ పదార్థముపేరు చదువుచున్నారు. పరీక్ష తప్పిన తెలుగు బాలుని పని, పరీక్షలో ప్రశ్నగా వచ్చుచున్నది.

కావున చందాదారులకు నా విన్నపము. జనవరి మొదలు పరీక్షలు ముగియువరకు, సాయంకాలము ఆరుగంటలనుండి ఎనిమిదివరకు వసారాను విద్యార్థులకు విడువుడు. ఆ రెండుగంటలు పఠనమందిరపు తలుపు మూసికొన్నచో పత్రికాపాఠకులకు ఇబ్బంది తగ్గును. ఒక నల్లబల్ల, ఒక మంచి దీపము, రెండు జతల పాఠ్యపుస్తకములు కార్యవర్గమువారు సమకూర్పవలెను. ఆడపిల్లలను ఇండ్లకు చేర్చుటకు తల్లిదండ్రులు వంతులు వేసికొనవలెను. విద్యార్థులారా, మీ వంతుగా కంఠములను తగ్గించుకొనుడు, ఎనిమిది కొట్టగానే చాపలు చుట్టి వసారాను ఊడ్చిపొండు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు గ్రంథాలయమును పుస్తకముల కొట్టుగా భావింపలేదు. చదువు రానివారికి చదివి వినిపించుటయు ఆ ఉద్యమమున భాగమైయుండెను. చదివి వినిపించుటకు చోటిచ్చిన గ్రంథాలయము, చెప్పి వినిపించుటకు చోటీయలేదా? ఈ సంవత్సరము ఆ రెండుగంటల సందడిని ఓర్చుకొందురని నమ్ముచున్నాను.