దేహము పలుకు, మనసు పలుకు



సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి, వశిష్ఠ దాటి నరసాపురము పోయినవారు మీలో అనేకులుందురు. అంతర్వేది వైపునుండి సముద్రము పోటెత్తినప్పుడు ఉప్పునీరు నదిలోనికి ఎగదన్నును. అట్టివేళ పైనీరు ఒక దిక్కునకును, అడుగునీరు వేరొక దిక్కునకును పోవుట కలదు. గట్టున నిలిచి పైనీటిని మాత్రమే చూచి నదిని తెలిసికొంటిమనుకొనుట పొరపాటు. స్త్రీపురుషుల కామోద్రేకమును గురించి శాస్త్రజ్ఞులు తెలిసికొన్న సంగతియు ఇట్టిదే. దానినే నేడు మీకు విన్నవింపదలచినాము.

ఇది బిడియపడి తప్పించుకొనదగిన విషయము కాదు. ఎందరో దంపతుల మౌనదుఃఖమునకు, కొన్ని ఘోరమైన అన్యాయములకు గూడ ఈ విషయమందలి అజ్ఞానము కారణమగుచున్నది. 1966లో అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ అనువారు తమ ప్రయోగశాలలో గమనించిన విశేషములను గ్రంథరూపమున ప్రకటించిరి. ఉద్రేకసమయమున స్త్రీకిని పురుషునికిని నాడి వేగము హెచ్చును, రక్తపుపోటు పెరుగును, జననాంగములకు రక్తప్రసారము అధికమగును. దేహములు ఇంత సమానముగా నడచునప్పుడు భేదమెక్కడ నున్నది?

తరువాతివారు దీనికి సమాధానము వెదకిరి. వారి పద్ధతి ఇది. తనంత తాను సమ్మతించి వచ్చిన వ్యక్తిని ఏకాంతమైన గదిలో కూర్చుండబెట్టి కొన్ని చిత్రములను చూపుదురు. రక్తప్రసారమును ఒక సున్నితమైన సాధనము కొలుచును. అదే సమయమున ‘మీకు ఎంత ఉద్రేకము కలిగినది?’ అని అడిగి, వచ్చిన జవాబును వ్రాసికొందురు. మొదటిది దేహము చెప్పిన సాక్ష్యము. రెండవది మనసు చెప్పిన సాక్ష్యము.

కెనడా దేశమునకు చెందిన మెరెడిత్ చివర్స్ అను పరిశోధకురాలు, ఆమె సహచరులు, 1969 మొదలు 2007 వరకు వెలువడిన 132 అధ్యయనములను ఒకచోట చేర్చి 2010లో ఫలితములను ప్రకటించిరి. వానిలో పాల్గొన్న స్త్రీలు 2,505 మంది, పురుషులు 1,918 మంది. రెండు సాక్ష్యములు పూర్తిగా ఏకీభవించినచో ఆ కొలత 1. వానికి సంబంధమే లేనిచో సున్న. పురుషులలో అది 0.66గా తేలినది, స్త్రీలలో 0.26 మాత్రమే. ఇవి సగటులు. దేహమును మనసును ఒక్కటిగా పలుకు స్త్రీలు కలరు. వేరువేరుగా పలుకు పురుషులును కలరు. అయినను మొత్తముమీద స్త్రీ దేహమును చూచి ఆమె మనసును గ్రహింపజాలమని ఈ లెక్క చెప్పుచున్నది.

కారణమేమి? గాయము కలుగకుండ తనను కాపాడుకొనుటకై స్త్రీ దేహము, ఇష్టముతో పనిలేకయే, ముందుగా సిద్ధమగునని కొందరి ఊహ. స్త్రీపురుషులకు వాడు సాధనములు వేరగుటచే కొంత భేదము కనబడునని కొందరి శంక. బాల్యమునుండి ‘ఆడుపిల్ల ఈ మాట అనరాదు’ అని పెంచిన పెంపకము గూడ కారణము కావచ్చునని మరికొందరందురు. ఈ వాదము ఇంకను ముగియలేదు.

ఆ పెంపకము సంగతి మన సాహిత్యచరిత్రయే చెప్పగలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరులో ముద్దుపళని అను విదుషి ‘రాధికాసాంత్వనము’ రచించి, స్త్రీ కోరికను స్త్రీనోటనే పలికించినది. స్త్రీ వ్రాయదగని వ్రాతయని కందుకూరి వీరేశలింగముగారు దానిని ఆక్షేపించిరి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు ఆ కావ్యమును పరిష్కరించి ప్రచురించి, ఆ సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు లేదా అని అడిగిరి. అటుపిమ్మట ప్రభుత్వము దానిని నిషేధించినది. టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వకాలమున గాని ఆ నిషేధము తొలగలేదు. పురుషకవులు వ్రాసిన శృంగారమునకు మాత్రము పీటవేసిన సమాజమే ఇది! మనసు పలుకును వినకుండుట ఎంతటి పాత అలవాటో చూడుడు.

వైద్యులకు గూడ ఈ పాఠము కొంత కష్టముమీద అబ్బినది. పురుషులకు ఉపకరించు సిల్డెనాఫిల్ అను ఔషధమునకు 1998లో అమెరికాలో అనుమతి లభించినది. అదే మందును దాదాపు 3,000 మంది స్త్రీలలో పరీక్షించిన పిమ్మట ఫైజర్ సంస్థ 2004లో ఆ ప్రయత్నమును విరమించినది. రక్తప్రసారము పెరిగినంతమాత్రమున కోరిక కలుగదని తేలినది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన మాట. బలాత్కారమునకు గురియైన స్త్రీని ‘నీ దేహము ఒప్పుకొన్నది కదా’ అని నిందించు క్రూరత్వము లోకమున కలదు. ఆ దేహస్పందనను తలచుకొని తననే తాను నిందించుకొను అభాగినియు కలదు. అది తుమ్మువంటిది, కనురెప్పపాటువంటిది, సమ్మతి కాదు. ఆమె తప్పు అణుమాత్రము లేదు. మన చట్టము 2013లో, మరల 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, స్పష్టముగ తెలిపిన స్వచ్ఛందమైన అంగీకారమే సమ్మతియనియు, ఎదిరింపకుండుట సమ్మతి కాదనియు వివరించినది.

చట్టము న్యాయస్థానమునకు చాలును, సంసారమునకు చాలదు. ఇంట కావలసినది ఒక ప్రశ్న, దాని జవాబునకై కాచియుండు ఓరిమి. పోటు సంగతి తెలియనివాడు రేవున సరంగును అడిగి తెలిసికొనును. అడుగుట చిన్నతనమని తలపడు. భార్య మనసును భార్యనే అడుగుటలో భర్తకు మాత్రము చిన్నతనమెట్లగును? ఆమె చెప్పిన జవాబు ‘వద్దు’ అయినచో, దానిని మన్నించుటయే ఆమెను ఎరుగుటకు మొదటి మెట్టు.