పిల్లల మనసు తెలిసేలా అడగడం



బళ్ళారి జిల్లాలో ఎంతోమంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో కన్నడం చదువుతారు. అలాంటి పిల్లవాణ్ణి, చదువులో వెనకబడ్డాడని, మానసిక నిపుణుల దగ్గరికి తీసుకువెళ్ళారనుకోండి. అక్కడ అచ్చువేసిన ప్రశ్నల పట్టిక ఉంది. ‘బేజారవుతుందా?’ అని కన్నడంలో అడిగారు. అవునన్నాడు. కన్నడంలో బేజారంటే దిగులూ కావచ్చు, విసుగూ కావచ్చు, మనసు నొచ్చుకోవడమూ కావచ్చు. దేనికి అవునన్నాడో పట్టికకెలా తెలుస్తుంది? అదే ‘ఎప్పుడట్లా అవుతుంది నాయనా?’ అని తెలుగులో అడిగితే, ‘లెక్కల పీరియడు వస్తే బడిలో ఉండబుద్ధి కాదు సార్’ అంటాడు. ఇక అక్కణ్ణుంచి దారి దొరుకుతుంది.

1920 ప్రాంతంలో జీన్ పియాజే పారిస్‌లో పిల్లలకు తెలివితేటల పరీక్షలు పెట్టేవారు. తప్పు జవాబు వస్తే సున్న వేసి ఊరుకోక, ఎందుకలా అనుకున్నావని అడగసాగారు. పిల్లల ఆలోచనను గురించి ఆయన చేసిన కృషి అంతా అలా మొదలైందే.

అలాగని పట్టికను పక్కన పడెయ్యమనను. బెంగుళూరు నిమ్హాన్స్ వారు 1985లో మన జిల్లాలోనే మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, కార్యకర్తలకూ శిక్షణ ఇచ్చారు. ఆ బళ్ళారి నమూనాయే 1996లో జాతీయ స్థాయి పథకానికి ఆధారమైంది. కొద్దికాలం శిక్షణ పొందినవారు ఏదీ మరిచిపోకుండా అడగాలంటే ముందే రాసుకున్న ప్రశ్నలు ఉండాలి.

అసలు చిక్కు ఇంకొకటుంది. కబుర్లలో పడితే, అడగడానికి మనకే నోరు రాని ప్రశ్న జారిపోతుంది. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అమ్మా?’ అని పదిహేనేళ్ళ పిల్లను ఎలా అడగడం? అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయం. ఆ భయానికి ఆధారం లేదని పరిశోధనలు తేల్చాయి. అడగాలి. తప్పకుండా అడగాలి. అయితే తల్లిదండ్రుల ఎదుట అడిగితే ఆ పిల్ల ‘లేదు’ అనే అంటుంది. బడి ఎగ్గొట్టడం, తమ్ముడితో కొట్లాట తల్లి చెప్పగలదు. రాత్రిళ్ళు దిండులో ముఖం దాచుకుని ఏడ్చిన సంగతి ఆ పిల్లే చెప్పాలి.

చిన్నపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త. ‘మాస్టారు కొట్టాడు కదూ?’ అని జవాబు అందించకూడదు. పెద్దలు కోరిన జవాబే వాళ్ళు అప్పజెబుతారు. ‘బడిలో ఏం జరిగింది?’ అంటే చాలు.

ముందు ఇంటి భాషలో కాసేపు మాటలు, తరువాత పట్టిక. నాకు సరైనదిగా తోచే వరుస ఇది. భాష రాకపోతే దుబాసీని పిలవాలి. 2012 నాటి పోక్సో చట్టం కూడా పిల్లల వాంగ్మూలానికి అనువాదకుల సాయం తీసుకోవచ్చంటుంది. మీ బిడ్డను తీసుకువెళ్ళినప్పుడు, ‘తెలుగులో అడిగించండి సార్, కాసేపు మేం బయట కూర్చుంటాం’ అని మీరే చెప్పండి. అక్కనో అన్ననో మాత్రం అనువాదానికి కూర్చోబెట్టకండి.