పనిమనిషి జీతం పెంచేదెప్పుడు?

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పనిమనిషి జీతం పనిని బట్టి కుదురుతుంది: అంట్లకింత, ఊడ్చి తుడవడానికింత, బట్టలకింత. చుట్టాలొచ్చి నెలరోజులున్నా చాలా ఇళ్లలో ఆ లెక్క మారదు. ఇది అన్యాయం.

ఇంటిపనిని కర్ణాటక 2004లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో కనీస వేతనాల పరిధిలోకి తెచ్చాయి. అయినా జీతాన్ని తేల్చేది ఇప్పటికీ ఎక్కువగా బేరమే.

నెలకు 4,000 ఇచ్చే ఇల్లు పది శాతం పెంచితే అదనంగా పడేది 400 రూపాయలు. అదే, ధరలు ఏటా ఆరు శాతం పెరుగుతూ జీతం మాత్రం కదలకపోతే, రెండేళ్లకు ఆ 4,000తో కొనగలిగేది మునుపటి 3,560 రూపాయల సరుకే. దసరాకు చీర పెట్టడం మంచిదే కానీ అది జీతం పెంపు కిందకు రాదు. ఆమె మొహమాటపడుతూ అడిగేదాకా ఆగకుండా, పనికి కుదిరిన రోజే పెంచే నెల చెప్పాలి.

ఇంటివాళ్లు ఊరెళ్లిన రోజులకు జీతం కోయకూడదు. ఆ నాలుగు రోజుల కోసం ఆమెకు మరో ఇల్లు దొరకదు.